అర్కావతి నీళ్లు ఎటు పోయాయి?

నంది కొండల్లో పుట్టిన అర్కావతి మీద 1933లో తిప్పగొండనహళ్ళి జలాశయం కట్టారు. దశాబ్దాల పాటు బెంగళూరుకు అదే పెద్ద దిక్కు. 1970ల తర్వాత అందులోకి వచ్చే నీరు క్రమంగా సన్నగిల్లింది. వచ్చే కాస్తలోనూ మురుగు కలిసింది. చివరికి అక్కడి నుంచి నగరానికి సరఫరానే ఆగింది. ఇంతకీ నది ఎందుకు ఎండింది?

మొదట అందరూ వాననే అనుమానించారు. బెంగళూరులోని ఏట్రీ సంస్థకు చెందిన వీణా శ్రీనివాసన్, ఆమె సహచరులు పాత లెక్కలన్నీ తిరగేసి 2015లో ఒక పరిశోధన పత్రం వెలువరించారు. ప్రవాహం పడిపోయేంతగా వాన తగ్గలేదని అందులో తేలింది. ఎండలు ముదరడమూ ఇంత లోటుకు కారణం కాదన్నారు. మరి పెరిగిన ఊళ్ళా? సిమెంటు నేల వాననీటిని ఇంకనివ్వదు, వాగులోకే తోస్తుంది. కాబట్టి కట్టడాల మీద నేరం మోపడమూ కుదరదు.

వాగులకు అడ్డంగా వేసిన చెక్‌డ్యాములకు కొంత వాటా ఉంది కానీ, అది చిన్నది. మిగిలినవి రెండు: జామాయిల్ తోటలు, బోరుబావులు.

రాగి పంట ఏడాదిలో కొన్ని నెలలే నీళ్లు తాగుతుంది. జామాయిల్ పన్నెండు నెలలూ తాగుతుంది, లోతు నుంచి లాగుతుంది. ఇంటి పిల్లలు నగరంలో పనులకు పోతే, పెద్దగా చాకిరీ అడగని ఆ చెట్టును రైతు నాటుకున్నాడు. అతణ్ణి తప్పుపట్టలేను.

బోర్ల కథ ఇంకా లోతైనది. వాన వెలిశాక కూడా వాగు పారుతోందంటే, నేలలోని నీరు ఊటగా అందులోకి దిగుతోందన్నమాట. బోర్లు ఆ నీటి మట్టాన్ని వందల అడుగులు కిందికి దించేశాయి. ఊట ఆగిపోయింది. పైనుంచి వచ్చిన నీటిని సైతం వాగు అడుగే పీల్చుకోసాగింది. వాన అదే, నేల మాత్రం మారింది. ఆ బోర్లతో పండిన దొడ్డబళ్ళాపురం ద్రాక్ష, కూరగాయలు, పాలు బెంగళూరు బజారుకే చేరాయి. తన నదిని ఆ నగరం అలా కూడా తాగింది.

వ్యవసాయ పంపుసెట్లకు కరెంటు ఉచితం, నేల నీటికి ధర లేదు. ఖర్చు వేరేచోట తేలింది. 1974 నుంచి కావేరి నీటిని సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు అర కిలోమీటరు ఎత్తుకు తోడి తెస్తున్నారు. ఆ కరెంటు బిల్లే నీటి బోర్డుకు పెద్ద భారం. అయినా 2014 నాటి ధరల ప్రకారం పన్నెండు వేల లీటర్ల కుళాయి నీటికి ఛార్జీ వంద రూపాయలే ఉండేది. కుళాయి రాని శివార్లలో 2024 మార్చిలో అంతే నీళ్ల ట్యాంకరుకు, అయిదు కిలోమీటర్ల లోపయితే, ప్రభుత్వం కట్టడి చేసిన ధర వెయ్యి రూపాయలు! పదింతలు కట్టింది ఎవరు? కొత్తగా పెరిగిన కాలనీల జనం.

ఆ నంది కొండల వరసలోనే పుట్టి మన అనంతపురం వైపు వచ్చే పెన్నకు కూడా ఇలాంటి లెక్క కట్టాలి. వాన ఎంత, బోర్లెన్ని, తోటలెన్ని, చెరువులకు చేరిందెంత అన్నవి ఊరూరా రాసిపెట్టాలి. కరువు సీమ అన్న ఒక్క మాటతో ఆ నది గురించి అడగడం మానేశాం.