పిడికిలి బరువెంత?

1919 జులై 4. అమెరికాలోని టొలీడో నగరం. హెవీవెయిట్ చాంపియన్ జెస్ విల్లార్డ్ ఆరున్నర అడుగుల మనిషి, బరువు 111 కిలోలు. ఎదురుగా నిలిచిన జాక్ డెంప్సీ 85 కిలోలే. తొలి రౌండ్ మూడు నిమిషాల్లోనే విల్లార్డ్ ఏడుసార్లు కింద పడ్డాడు. మూడో రౌండ్ ముగిశాక ఇక బరిలోకి రానన్నాడు.

ఆ దెబ్బల తీవ్రత చాలామందికి నమ్మశక్యం కాలేదు. డెంప్సీ మేనేజరుగా ఉన్న జాక్ కీర్న్స్ చనిపోయాక, 1964లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ఆయన కథనాన్ని అచ్చేసింది. డెంప్సీ చేతి కట్లకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టించానన్నది అందులోని మాట. డెంప్సీ దావా వేశాడు, చివరికి వ్యవహారం రాజీతో ముగిసింది. ఆరోపణ రుజువు కాలేదు, అనుమానం పూర్తిగా సమసిపోనూ లేదు. హెవీవెయిట్లలో ఎవరి గుద్దు గట్టిది అన్న చర్చకు ఈ ఉదంతం మంచి ప్రవేశిక. దెబ్బ క్షణంలో ముగుస్తుంది, మిగిలేది దాని ఫలితమే. చరిత్రకారుడు ఆ ఫలితాన్ని చూసి బలాన్ని ఊహించాల్సిందే.

అందుకు ఉన్న ఆధారాలు మూడు: రికార్డు పుస్తకం, దెబ్బ తిన్నవారి సాక్ష్యం, ప్రయోగశాల కొలత.

మొదట రికార్డులు. రాకీ మార్సియానో 49 పోటీలూ గెలిచాడు, అందులో 43 నాకౌట్లు. జార్జ్ ఫోర్‌మన్ 76 విజయాల్లో 68 నాకౌట్లు. జో లూయీ 66 విజయాల్లో 52. మన కాలపు డియోంటే వైల్డర్ తొలి 42 విజయాల్లో 41 నాకౌట్లే. శాతాలు లెక్కగడితే వైల్డర్ అందరికన్నా పైన, లూయీ అందరికన్నా కింద తేలతారు. అయితే దెబ్బ తిన్నది ఎవరో శాతం చెప్పదు. 1937 నుంచి 1949 దాకా చాంపియన్‌గా ఉన్న లూయీ 25 సార్లు కిరీటాన్ని నిలబెట్టుకున్నాడు. 1936లో తనను ఓడించిన మాక్స్ ష్మెలింగ్‌ను 1938 జూన్ 22న న్యూయార్క్‌లో 124 సెకన్లలో ముగించాడు. ఆ దెబ్బలకు ష్మెలింగ్ వెన్నుపూస చిట్లింది. వైల్డర్ సంగతి చూడండి. 2018 డిసెంబర్‌లో పన్నెండో రౌండ్‌లో అతను పడగొట్టిన టైసన్ ఫ్యూరీ లేచి నిలబడ్డాడు, పోటీ డ్రా అయింది.

శరీరాల తేడా మరో చిక్కు. ఇప్పటి నిబంధన ప్రకారం 200 పౌండ్లు, అంటే సుమారు 91 కిలోలు, దాటినవాడే హెవీవెయిట్. 1952లో జెర్సీ జో వాల్కాట్‌ను పదమూడో రౌండ్‌లో ఒక్క కుడిచేతి గుద్దుతో కూల్చిన మార్సియానో 84 కిలోలకు మించడు. ఈనాడైతే అతనూ డెంప్సీ కూడా కింది తరగతిలో పోటీ పడాల్సినవారు.

రెండోది సాక్ష్యం. ఇందులో మహమ్మద్ అలీ మాటకు విలువ ఎక్కువ. సోనీ లిస్టన్, జో ఫ్రేజియర్, ఫోర్‌మన్, ఎర్నీ షేవర్స్, ఈ నలుగురి దెబ్బలూ తిన్న మనిషి అతను. 1977లో తాను పాయింట్ల మీద నెగ్గిన షేవర్స్ గురించి, అతని గుద్దుకు ఆఫ్రికాలోని తన చుట్టాలు కూడా అదిరిపోయారని చమత్కరించాడు. తర్వాతి కాలంలో మైక్ టైసన్‌తోనూ తలపడిన లారీ హోమ్స్ కూడా షేవర్స్‌కే ఓటేశాడు. ఇద్దరి మాటా ఒక్కటే. అయినా జాగ్రత్త తప్పదు. టైసన్ చేతిలో ఓడే 1988 నాటికి హోమ్స్ వయసు 38. అలీ షేవర్స్‌ను ఎదుర్కొన్నది కెరీర్ చివరి దశలో. ఒకే శరీరం, ఒకే వయసులో అందరి గుద్దులూ తిన్న దాఖలా లేదు.

మూడోది ప్రయోగశాల. 1985లో ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో పరిశోధకులు హెవీవెయిట్ ఫ్రాంక్ బ్రూనో చేత లోలకంలా వేలాడదీసిన లోహపు దిమ్మెను గుద్దించారు. పిడికిలి వేగం సెకనుకు 8.9 మీటర్లు. తాకిన క్షణంలో బలం 4,096 న్యూటన్లు, అంటే దాదాపు 400 కిలోల బరువు మోపినంత. 2005లో వెలువడిన మరో అధ్యయనం ఫ్లైవెయిట్ నుంచి సూపర్ హెవీవెయిట్ దాకా ఏడుగురు ఒలింపిక్ బాక్సర్లను పరీక్షించింది. పెద్దవాళ్ల గుద్దు బలంగా ఉండటానికి ముఖ్య కారణం చెయ్యి వేగం కాదనీ, ఆ చెయ్యి వెనక కదిలివచ్చే బరువనీ తేల్చింది. 120 మంది బాక్సర్లను పరిశీలించిన సోవియట్ నిపుణులు కూడా ఈ దిశలోనే చెప్పారు. ఆరితేరినవారి గుద్దులో కాళ్ల వాటా దాదాపు 38 శాతం, కొత్తవారిలో 17 శాతానికి లోపు. గుద్దు పిడికిలితో తగులుతుంది గాని పుట్టేది పాదంలో.

అయితే లోహపు దిమ్మె తప్పుకోదు. మనిషి స్పృహ తప్పేది బలం ఒక్కదానివల్లే కాదు. దవడ అంచున తగిలిన దెబ్బ తలను గిర్రున తిప్పుతుంది, పుర్రె లోపల మెదడు కుదుపుకు లోనవుతుంది. దెబ్బ వస్తోందని చూసినవాడు మెడ బిగిస్తాడు. చూడనివాడు అదే బలానికి కూలిపోతాడు. లూయీ గొప్పతనం ఇక్కడే ఉంది. అతని గుద్దు కొద్దిపాటి దూరం నుంచే బయలుదేరేది, ఒకదాని వెనక ఒకటి వచ్చేది. ఫోర్‌మన్ బలం వేరు జాతిది. 1973లో కింగ్‌స్టన్‌లో అప్పటిదాకా ఓటమి ఎరుగని ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. 1994లో 45 ఏళ్ల వయసులో మైకేల్ మూరర్‌ను కుడిచేతితో కూల్చి మళ్లీ చాంపియన్ అయ్యాడు. కాళ్ల చురుకు పోయాక కూడా గుద్దు మిగిలింది.

2003లో ద రింగ్ పత్రిక అన్ని కాలాల్లో గట్టిగా గుద్దే వందమంది బాక్సర్లను వరుస పెట్టినప్పుడు లూయీని మొదట నిలిపింది. ఫోర్‌మన్‌కు తొమ్మిది, షేవర్స్‌కు పదో స్థానం. మూడో స్థానంలో ఉన్నది యాభై కిలోలైనా లేని వెల్ష్ ఫ్లైవెయిట్ జిమ్మీ వైల్డ్! ఆ జాబితా తూచింది న్యూటన్లను కాదు, తన బరువువాళ్ల మీద ఒక్కొక్కరు చూపిన ప్రభావాన్ని.

ఆధారాలన్నీ కలిపి చూస్తే తీర్పు ఇలా ఉంటుంది. విడి దెబ్బ బరువే కొలతైతే షేవర్స్, ఫోర్‌మన్‌లది పైచేయి. ఆ దెబ్బను తగలవలసిన చోట, తగలవలసిన క్షణంలో చేర్చడం కూడా బలమే అనుకుంటే లూయీది. రెండో కొలతే న్యాయమైనదని నా అభిప్రాయం. 1979లో షేవర్స్ ఏడో రౌండ్‌లో హోమ్స్‌ను పడగొట్టాడు. హోమ్స్ లేచాడు, పదకొండో రౌండ్‌లో గెలిచాడు. షేవర్స్ ఎన్నడూ ప్రపంచ చాంపియన్ కాలేదు. 4,096 న్యూటన్ల బ్రూనో సైతం కొలత తీసిన మరుసటి ఏడాది, 1986 జులైలో, టిమ్ విథర్‌స్పూన్‌తో తొలిసారి ప్రపంచ టైటిల్‌కు తలపడి పదకొండో రౌండ్‌లో ఓడిపోయాడు.