పాత కంప్యూటర్ల రెండవ కొలువు

పొత్తములన్నియు ఒక్కచోట నుండగా పలువురు తమతమ బల్లలయొద్ద కూర్చుండి వానిని వాడుకొనుట గ్రంథాలయ పాఠకులకు క్రొత్త గాదు. కంప్యూటర్ల చరిత్రయందును ఇట్టి యేర్పాటొకటి కలదు. అది లేమి వలన పుట్టినది.

1950ల యందు కంప్యూటరనగా గది నిండిన యంత్రము. దాని వెల విశ్వవిద్యాలయములకే భారము. లెక్కను అట్టలపై రంధ్రములుగా పొడిపించి యిచ్చినవారు ఫలితమునకై గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు మరునాటివరకు కాచుకొనవలసి వచ్చెడిది. ఒక్క రంధ్రము తప్పినచో మరల మొదటికి రావలసినదే! 1961 నవంబరులో అమెరికాయందలి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బాటో బృందము ఒకే కంప్యూటరునకు నాలుగు టైపు యంత్రములను తగిల్చి చూపెను. అది ఒకరి పనిని రవంత చేసి, వెంటనే మరియొకరి పనికి మరలుచుండెను. ఆ వేగమువలన ఎవరికి వారికి యంత్రము తమదే యనిపించెను.

తరువాత చిన్న కంప్యూటర్లు చవుకయై ఇంటింటికి వచ్చుటచే ఈ పద్ధతి కొంత మరుగుపడెను. అయినను 1984లో అదే సంస్థలో పుట్టిన ఎక్స్ విండో, పని ఒక యంత్రమునందు జరుగుచుండగా దాని తెర వేరొక యంత్రముపై కనబడు వీలు కల్పించెను. దానిని ఆధారము చేసికొని 1999లో జిమ్ మెక్విలన్ లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టును ఆరంభించెను.

ఇందు పాత కంప్యూటరునకు హార్డు డిస్కు అక్కరలేదు. మీట నొక్కగనే దాని నెట్‌వర్కు కార్డు తీగమీద తన చిరునామా నడుగును. సర్వరు చిరునామా నిచ్చి, లినక్సు మూలభాగమును గూడ పంపును. అటుపిమ్మట ముసలి యంత్రము తెరను చూపును, మీటల తాకిడులను చేరవేయును, అంతే. తక్కిన చాకిరి యంతయు సర్వరుదే.

2001లో నార్వేయందు ఆరంభమైన స్కోలెలినక్స్ ఈ పద్ధతిని పాఠశాలలకు తెచ్చెను. పారవేయదలచిన యంత్రములే తరగతికి పనికివచ్చెను. పిల్లవాడు ఏ బల్లయొద్ద కూర్చుండినను తన వ్రాతలే తెరపై కనబడును. ఉపాధ్యాయుడు ప్రతి యంత్రమును విప్పి చూడ పనిలేదు. నా దృష్టిలో అన్నిటికంటె పెద్ద మేలిదియే.

అయితే సర్వరు ఆగినచో గది యంతయు మూగవోవును. పలువురు ఒక్కసారి చలనచిత్రములు చూడబూనిన తీగ చాలదు. పాత గాజు తెరలు త్రాగు విద్యుత్తు తక్కువది కాదు. ఈ లోపములను దాచి పొగడుట న్యాయము గాదు. బల్లమీది యంత్రమే కొంత పని చేసికొనునట్లు తరువాతి కూర్పులు సవరింపబడెను. దానివలన కాస్త బలమున్న యంత్రములకు మేలు కలిగెను. మరీ ముసలివి మరల అటక నెక్కెను.