తెలుగింటికి రేడియో వచ్చిన విధము

ఆకాశమార్గమున పలుకును పంపు విద్య దక్షిణదేశమున కాలూనినది చెన్నపట్టణమున, 1924 జూలై 31వ తేదీన. సి.వి. కృష్ణస్వామి శెట్టి మొదలగు ఉత్సాహవంతులు నెలకొల్పిన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఆ దినమున ప్రసారములకు శ్రీకారము చుట్టెను. ధనాభావముచే ఆ క్లబ్బు 1927లో మూతపడగా, దాని యంత్రసామగ్రిని నగర కార్పొరేషను స్వీకరించి, 1930 ఏప్రిల్ 1 మొదలుకొని తానే ప్రసారములు సాగించెను. సొంత సెట్టు లేని సామాన్యుడు సైతము సాయంకాలమున సముద్రతీరమునకు పోయి, లౌడుస్పీకరు చెంత కూర్చుండి సంగీతము వినగల భాగ్యము అట్లు లభించెను.

అదే కాలమున బొంబాయి, కలకత్తాలలో కేంద్రములు తెరచిన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ మూడేండ్లయినను నిండకుండ, 1930 మార్చిలో మూతపడెను. దాని రాబడికి ముఖ్యాధారము శ్రోతలు చెల్లించు లైసెన్సు రుసుము. 1929 చివరి నాటికి దేశమంతట ఆ లైసెన్సులు ఎనిమిదివేలకు మించలేదు. సెట్టు వెల వందల రూపాయలుగా నున్న ఆ రోజులలో, తన భాష వినిపింపని యంత్రమునకై అంత ధనము వెచ్చించుటకు కృష్ణా గోదావరీ తీరముల గృహస్థునకు ప్రేరణ మేమి? జనులు యంత్రమును చూచి ఆశ్చర్యపడుదురు గాని, దానినుండి వినవచ్చు పలుకు తమదైన నాడే దానిని ఇంటికి తెచ్చుకొందురు. రేడియో చరిత్రయంతయు ఈ మాటకు సాక్ష్యమే యని నా నిశ్చయము.

తెలుగు పలుకునకు నిలుకడయైన నెలవు దొరకినది 1938 జూన్ 16న, ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము తెరచుకొన్నప్పుడు. అచ్చట న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై బాలబాలికలను చేరదీసిరి. పెద్దలు సంశయించుచుండగనే పిల్లలు రేడియోకు చుట్టములైరి. 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యోదయవేళ బాలాంత్రపు రజనీకాంతరావు రచించిన గీతము టంగుటూరి సూర్యకుమారి కంఠమున ఆ కేంద్రమునుండియే వెలువడెను. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము వెలసెను. హైదరాబాదున నిజాము ప్రభుత్వము 1935లో స్వాధీనపరచుకొని నడపిన దక్కన్ రేడియో, ఉర్దూ ప్రధానముగ సాగి, 1950 ఏప్రిల్‌లో ఆలిండియా రేడియోలో కలిసెను. అటుపిమ్మట ఉషశ్రీ రామాయణ భారతములను వినిపించు వేళకు రేడియో గల ఇంటి అరుగు ఇరుగుపొరుగులతో నిండుచుండెను.

తొలినాటి వాల్వు సెట్టును ఇంట నిలుపుట సామాన్యకార్యము కాదు. ఇంటికప్పుపై రెండు వెదురుగడల నడుమ రాగితీగను ఏరియలుగ కట్టవలెను. మరియొక తీగను తడినేలలో పాతవలెను. మీట త్రిప్పిన పిదప వాల్వులు వేడెక్కువరకు ఓపిక పట్టవలెను. విద్యుత్తు లేని పల్లెలలో బ్యాటరీని ఛార్జి చేయించుటకై పట్టణమునకు మోసికొనిపోవలసి యుండెను. పోస్టాఫీసున ఏటేట రుసుము చెల్లించి లైసెన్సు పుస్తకమున ముద్ర వేయించుకొనుట వేరొక విధి. మర్ఫీ మేలా, ఫిలిప్స్ మేలా యను సందేహమును తీర్చువాడు అంగడివాడు కాడు. అదివరకే సెట్టు కొని అనుభవించిన పొరుగువాడును, ఊరి రేడియో మెకానిక్కును. వారి సలహాలో మొదటి మాట తరచుగ ఒక్కటే: షార్టువేవు చక్కగ పట్టునా?

ఈ ప్రశ్నకు గల కారణము విచారింపదగినది. సమాచారశాఖామాత్యుడు బి.వి. కేస్కర్ శాస్త్రీయసంగీతమునందలి అభిమానముచే 1952 ప్రాంతమున సినిమాపాటలకు ఆలిండియా రేడియోలో తావు లేకుండ జేయగా, శ్రోతలు నొచ్చుకొని ఊరకుండక, సెట్టు ముల్లును రేడియో సిలోనువైపు త్రిప్పిరి. కొలంబోనుండి సముద్రముదాటి వచ్చు పాటకై షార్టువేవు గల సెట్టునే కోరికొనిరి. కేస్కర్ సంగీతభక్తి నిష్కల్మషమే. అయినను వినువాని ఇష్టమును త్రోసిపుచ్చిన సేవ నిలువజాలదని ప్రభుత్వమే గుర్తించి, 1957 అక్టోబరు 3న సినిమాపాటలకు చోటిచ్చు వివిధభారతిని ప్రారంభించెను.

ఇక ట్రాన్సిస్టరు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో రూపొందిన ఈ చిన్న వస్తువు, 1954లో అచ్చటి విపణిలో చేతిరేడియోగ వెలసి, అటుపై మన పల్లెలకును చేరెను. ఏరియలు గడలు, బరువైన బ్యాటరీలు, వాల్వుల వేడి యన్నియు ఒక్కసారిగ తొలగిపోయెను. టార్చి బ్యాటరీలు చాలును. రైతు పొలముగట్టున వ్యవసాయ కార్యక్రమము వినెను, నేతగాడు మగ్గము ప్రక్కన ఢిల్లీ తెలుగు వార్తలు వినెను. చూచి మురియుటకు గదిలో నిలిపిన వస్తువు మనుష్యుని వెంట నడచు నేస్తమయ్యెను. సెట్లు ఇంటింట నిండిన మీదట, లైసెన్సు రుసుము కూడ 1980వ దశకపు నడిమి కాలమున రద్దయ్యెను.

ఈ చరిత్రకు ఆధారములు చాలవరకు ఇండ్లలోనే పడియున్నవి. తాతలనాటి లైసెన్సు పుస్తకములు, సెట్టు కొన్న రసీదులు, టేపులపై ఎక్కించుకొన్న నాటకములు, ప్రసంగములు మీ ఇంట నున్నయెడల పాతసామానుల వానికి తూకమున కమ్మకుడు. సమీపమునందలి గ్రంథాలయమునకో, విశ్వవిద్యాలయమునకో ఒప్పగింపుడు. ఆ రోజులెరిగిన పెద్దలు మీ యింట నుండిన, వారు విన్నవి యెవ్వియో అడిగి వ్రాసి యుంచుడు.