ఇంట గెలవని పాట రచ్చ గెలిచింది



ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ఈనాటి ప్రసంగంలో నేను చెప్పబోయేది ఆ సామెతను తలకిందులు చేసిన కొన్ని పాటల కథ. పుట్టిన ఊళ్ళో ఎవరూ పట్టించుకోని పాటలవి. గ్రామఫోను రికార్డులుగా వచ్చి, అమ్ముడుపోక, గోదాముల్లో మూలపడ్డాయి. కొన్నేళ్ళ తర్వాత అవే పాటలు సముద్రాల ఆవల మరో దేశంలో వేలమందిని తెల్లవార్లూ ఆడించాయి. పాడినవాళ్ళలో చాలామందికి ఆ సంగతి ఏళ్ళ తరబడి తెలియనే తెలియదు. అమెరికాలోని డెట్రాయిట్ నగరానికీ, ఇంగ్లండులోని విగన్ అనే పట్టణానికీ మధ్య నడిచిన చరిత్ర ఇది.

ముందు డెట్రాయిట్ సంగతి చూద్దాం. అది మోటారు కార్ల నగరం. ఇరవయ్యో శతాబ్దం రెండో దశకం మొదలుకొని 1970 దాకా, అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి దాదాపు 60 లక్షలమంది నల్లజాతివారు పొట్ట చేతపట్టుకుని ఇతర ప్రాంతాలకు తరలిపోయారు. అలా వచ్చినవారిలో ఎందరికో డెట్రాయిట్ కార్ల కర్మాగారాలు బతుకుతెరువు చూపించాయి. వాళ్ళు తమతో తెచ్చుకున్న ఆస్తి ఏమిటంటే పాట. ఆదివారం చర్చిలో చప్పట్లు చరుస్తూ గొంతెత్తి పాడే భక్తిగీతాల బాణీ అది. ఆ బాణీలోనే ప్రేమ, విరహం, కష్టసుఖాలు పాడితే దానికి 'సోల్' సంగీతమని పేరు వచ్చింది. సోల్ అంటే ఆత్మ. మన దగ్గర భజన బాణీలు నాటకాల పాటల్లోకి వచ్చినట్టే అనుకోండి. జాజ్ ఈ ఇంటికి పెద్దదిక్కు. తాళం బరువు మీద నడిచే ఫంక్ ఆ తర్వాత పుట్టిన పిల్ల.

1959లో బెర్రీ గోర్డీ అనే ఆయన తన కుటుంబ నిధి నుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని డెట్రాయిట్‌లో ఒక రికార్డు కంపెనీ మొదలుపెట్టాడు. అంతకు ముందు ఆయన కార్ల కర్మాగారంలో పనిచేసినవాడే. మోటారు టౌన్ అనే మాటను కుదించి కంపెనీకి 'మోటౌన్' అని పేరు పెట్టారు. ఒక మామూలు ఇంట్లో పెట్టిన స్టూడియో నుంచి వచ్చిన పాటలు దేశమంతా మార్మోగిపోయాయి. ఆ గెలుపు చూసి డెట్రాయిట్‌లోనూ, చికాగో, ఫిలడెల్ఫియా, లాస్ ఏంజిలస్ వంటి నగరాల్లోనూ చిన్న చిన్న కంపెనీలు లెక్కలేనన్ని పుట్టుకొచ్చాయి.

వాళ్ళు తెచ్చినవి 7 అంగుళాల చిన్న రికార్డులు. నిమిషానికి 45 చుట్లు తిరుగుతాయి. ఒక్కొక్క వైపు ఒక్కొక్క పాట, మూడు నిమిషాల లోపే. కొన్ని వందలో, వేయో ప్రతులు అచ్చొత్తి, కొన్నిటిని రేడియో కేంద్రాలకు పంపేవారు. రేడియోలో వినిపిస్తే ఆ పాట బతికినట్టు. వినిపించకపోతే కొట్లవాళ్ళు వెనక్కి పంపేసేవారు. పాట బాగాలేదని కాదు, వారం వారం అన్ని పాటలకూ చోటు ఎక్కడిది? అలా ఓడిపోయిన రికార్డులు కొన్ని సెంట్ల ధరకు పాత సామాన్ల కొట్లకు చేరేవి.

ఇక రెండో ఊరికి వద్దాం. విగన్ ఇంగ్లండు వాయవ్య భాగంలో, లాంకషైర్ ప్రాంతంలో ఉంది. లాంకషైర్ పేరు మన చేనేత కుటుంబాలకు కొత్త కాదు. మన మగ్గాల నోట మట్టికొట్టిన మిల్లు గుడ్డ వచ్చింది ఆ ప్రాంతం నుంచే. 1931లో గాంధీజీ లండను వెళ్ళినప్పుడు లాంకషైర్‌లోని డార్వెన్‌కు కూడా వెళ్ళి, విదేశీ వస్త్ర బహిష్కారం వల్ల పని పోయిందంటున్న మిల్లు కార్మికులతో స్వయంగా మాట్లాడారు. విగన్‌లో మిల్లులతో పాటు బొగ్గు గనులూ ఉండేవి. అక్కడి కార్మికుల బతుకుల గురించే జార్జ్ ఆర్వెల్ 1937లో ఒక పుస్తకం వెలువరించాడు. 1970ల నాటికి ఆ మిల్లులూ గనులూ ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. వారమంతా యంత్రాల మధ్య పనిచేసే కుర్రకారుకు శనివారం రాత్రి ఒక్కటే తమది.

ఆ రాత్రికి వాళ్ళు ఎంచుకున్నది అమెరికా నల్లవారి పాట. అప్పటికి లండనులో అభిరుచి మారిపోయింది. అక్కడివాళ్ళు కొత్తగా వచ్చిన ఫంక్ వైపు మళ్ళారు. ఉత్తరాది కుర్రాళ్ళు మాత్రం 1960ల నడుమ నాటి వేగమైన పాత సోల్ పాటలే కావాలన్నారు. లండనులో డేవ్ గోడిన్ అనే సంగీతప్రియుడు ఒక రికార్డుల దుకాణం నడిపేవాడు. ఫుట్‌బాల్ ఆటలు చూడడానికి వచ్చిన ఉత్తరాదివాళ్ళు ఆ దుకాణంలో పాత పాటలే అడగడం ఆయన గమనించాడు. ఉత్తరాదివాళ్ళు అడిగే సరుకు ఏదో దుకాణంలో పనిచేసేవాళ్ళకు తెలియడానికని దానికి 'నార్తర్న్ సోల్', అంటే ఉత్తరాది సోల్ అని గుర్తు పెట్టాడు. 1970లో ఒక పత్రికలో ఆ మాట రాశాడు. అదే స్థిరపడింది. వింత చూడండి, పాట డెట్రాయిట్‌ది, పేరు మాత్రం దాన్ని దాచుకున్న ప్రాంతానిది.

మాంచెస్టర్‌లోని 'ట్విస్టెడ్ వీల్' క్లబ్బు ఈ ఆటపాటలకు మొదటి పెద్ద నిలయం. అది 1971లో మూతపడింది. 1973 సెప్టెంబరులో విగన్ కాసినో అనే పాత నృత్యశాలలో శనివారం రాత్రి కార్యక్రమాలు మొదలయ్యాయి. అర్ధరాత్రి దాటాక మొదలై ఆదివారం పొద్దున 8 గంటల దాకా సాగేవి. ఎక్కడెక్కడి నుంచో బస్సుల్లో, రైళ్ళలో వచ్చేవారు. అక్కడ మద్యం అమ్మేవారు కారు. పాదాలు నేలమీద సులువుగా జారడానికి టాల్కం పౌడరు చల్లుకుని, గిరగిరా తిరుగుతూ ఎవరికి వారే ఆడేవారు. కొందరు నిద్ర ఆపుకోవడానికి మాత్రలు మింగే దురలవాటులో పడ్డారన్నదీ నిజమే, అది దాచవలసిన పని లేదు. కానీ ఎక్కువమందిని అక్కడికి రప్పించింది పాట.

పాత పాటలే కావాలంటే ఒక చిక్కు ఉంది. పాత పాటలు కొత్తగా పుట్టవు. కాబట్టి వెతకాలి. పాటలు వేసే డిస్క్ జాకీలూ, రికార్డుల వ్యాపారులూ అమెరికా వెళ్ళి గోదాములు, మూసేసిన దుకాణాల అటకలు గాలించారు. దుమ్ములో కూర్చుని వేల రికార్డులు తిరగేస్తే వాటిలో ఒకటి రెండు ముత్యాలు దొరికేవి. అలా దొరికిన వాటిలో రెండిటి కథ చెబుతాను.

మొదటిది గ్లోరియా జోన్స్ పాడిన 'టెయింటెడ్ లవ్'. ఎడ్ కాబ్ రాసిన పాట. 1965లో వచ్చిన ఆ రికార్డుకు ఇది వెనక వైపు పాట మాత్రమే. ఏ వైపూ ఎవరూ వినలేదు. 1973లో రిచర్డ్ సెర్లింగ్ అనే డిస్క్ జాకీ ఫిలడెల్ఫియాలో దాన్ని కొని ఇంగ్లండుకు తెచ్చాడు. ఉత్తరాది క్లబ్బుల్లో అది అందరి నోటా నానింది. 1981లో 'సాఫ్ట్ సెల్' అనే ఇంగ్లండు జంట దాన్ని కొత్త వాయిద్యాలతో మళ్ళీ పాడితే బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. తర్వాత అమెరికా జాబితాలోనూ 43 వారాలు నిలిచింది. ఓడి ఇల్లు విడిచిన పాట మరొకరి గొంతులో ఇంటికి తిరిగివచ్చిందన్నమాట.

రెండోది ఫ్రాంక్ విల్సన్ పాట, 'డూ ఐ లవ్ యూ, ఇన్‌డీడ్ ఐ డూ'. 1965లో మోటౌన్ అనుబంధ సంస్థ కోసం పాడాడు. సుమారు 250 నమూనా ప్రతులు అచ్చయ్యాయని చెబుతారు. అయితే విల్సన్‌కు గాయకుడిగా కంటే పాటలు చేయించే నిర్మాతగా స్థిరపడడమే మేలనిపించింది. రికార్డు విడుదల ఆగిపోయింది, ప్రతులు దాదాపు అన్నీ నాశనమయ్యాయి. ఆ తర్వాత ఆయన సుప్రీమ్స్, ఫోర్ టాప్స్, ఎడ్డీ కెండ్రిక్స్ వంటివారికి నిర్మాతగా పేరు తెచ్చుకున్నాడు. తన గొంతు మాత్రం ఎవరూ వినలేదు.

మిగిలిన ప్రతి ఒకటి ఎలాగో బయటపడి, 1970లలో విగన్ చేరింది. హాలు ఊగిపోయింది. 2009లో ఆ రికార్డు ప్రతి ఒకటి 25,742 పౌండ్లకు అమ్ముడుపోయింది. ఒకప్పుడు పనికిరాదని పారేసిన రెండున్నర నిమిషాల పాటకు ఆ ధర!

ఇంతవరకూ విని మనం సంతోషించవచ్చు. కానీ ఈ కథకు రెండో వైపు కూడా ఉంది. విగన్‌లో ఆ పాట మొదట మోగింది ఫ్రాంక్ విల్సన్ పేరుతో కాదు. ఎడ్డీ ఫాస్టర్ అనే మరో గాయకుడి పేరుతో. అరుదైన రికార్డు దొరికిన డిస్క్ జాకీ దాని లేబులు మీద కాగితం అంటించి, ఏదో ఒక మారుపేరు చెప్పడం అప్పటి ఆనవాయితీ. పోటీదారులు అదే రికార్డు కొని తెచ్చుకోకుండా ఉండడానికి ఈ ఎత్తు. ఆ మారుపేరుతోనే దొంగచాటుగా రికార్డులు అచ్చొత్తి అమ్మినవాళ్ళూ ఉన్నారు. అలాంటి దొంగ రికార్డు ఎన్ని వేలు అమ్ముడుపోయినా పాడినవారికి పైసా దక్కదు. ఫ్రాంక్ విల్సన్ పాట ఆయన అసలు పేరుతో బ్రిటన్‌లో విడుదలైంది 1979లో. అంటే పాడిన 14 ఏళ్ళకు. ఆయన 2012లో కన్నుమూశాడు.

విగన్ కాసినోలో ప్రతి రాత్రీ చివర వేసే మూడు పాటలు ఉండేవి. వాటిలో ఆఖరిది న్యూయార్క్ గాయకుడు డీన్ పారిష్ 1967లో పాడినది. వేలమంది ఆ పాట వినే ఇళ్ళకు బయలుదేరేవారు. 1981 డిసెంబరులో కాసినో మూతపడింది. ఆ గొంతు గల మనిషికి మాత్రం తనకు అక్కడ ఇంత పేరుందని చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

మరి ఆ వెతికినవాళ్ళు చేసింది మంచా, చెడా? నా మట్టుకు నాకు రెండూ కనిపిస్తాయి. వాళ్ళు లేకపోతే ఆ పాటలు చెత్తకుప్పల్లో కలిసిపోయేవి. కాబట్టి చరిత్ర వాళ్ళకు రుణపడి ఉంది. కానీ పాటను బతికించి పేరును చంపితే, సగమే బతికించినట్టు. తర్వాతి కాలంలో అదే రికార్డుప్రియులు చాలామంది ఆ తప్పు దిద్దుకున్నారు. లేబుళ్ళ చరిత్ర రాశారు, పాడినవారి ఆచూకీ తీశారు, డీన్ పారిష్ వంటి పెద్దవారిని ఇంగ్లండు పిలిపించి వేదిక ఎక్కించారు.

పేరు విలువ మన దేశంలో తొలినాటి గాయని ఒకరికి బాగా తెలుసు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను కంపెనీకి పాడినప్పుడు, పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. ఆ రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి పనివాళ్ళకు మన భాష రాదు. ఏ రికార్డు మీద ఎవరి పేరు వేయాలో తెలియడానికి ఈ ఏర్పాటు. ఈనాటికీ ఆ రికార్డు మీద ముల్లు పెడితే, పాట ఆగగానే ఆమె పేరు వినబడుతుంది. ఎవరు ఏ కాగితం అంటించినా చెరిగిపోని పేరది.

శ్రోతలారా, పుట్టిన చోట మరుగునపడినది దూరాన ఉన్నవారి దగ్గర పదిలంగా ఉండడం సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఒకరు చెప్పనక్కర్లేదు. మన అవ్వలు పాడిన దంపుళ్ళ పాటలు, పెళ్ళి పాటలు, హరికథలు కొన్ని ఇళ్ళల్లో ఇంకా పాత క్యాసెట్లలో ఉండి ఉంటాయి. వాటిని మోగించి వినండి, పిల్లలకు వినిపించండి. దానితో పాటు ఇంకొక్క పని చేయండి. ఆ పాట పాడినది ఎవరు, ఏ ఊరివారు, ఏ సంవత్సరంలో పాడారు అన్న మూడు ముక్కలు ఒక కాగితం మీద రాసి ఆ పెట్టెలోనే పెట్టండి. విగన్‌లో కాగితం పేరును కప్పింది. మన ఇంట్లో కాగితం పేరును నిలబెట్టాలి.