అసమర్థుడా? రోగా?
సీతారామారావు పాత్ర - ఒక చారిత్రక పరిశీలన

మన నవలా విమర్శలో కొన్ని మాటలు తీర్పులుగా గడ్డకట్టాయి. 'అసమర్థుడు' అలాంటి మాట. త్రిపురనేని గోపీచంద్ 1940ల మధ్యలో రాసిన 'అసమర్థుని జీవయాత్ర' తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా పేరు పొందింది. వంశప్రతిష్ఠ నిలపమన్న తండ్రి మాట పట్టుకుని సీతారామారావు ఆస్తిని దోసిళ్లతో పంచిపెడతాడు. ఆస్తి కరిగిపోతుంది. చేతికొచ్చిన ఉద్యోగం నిలవదు. భార్యతో మాట కుదరదు. చివరికి శ్మశానంలో చస్తాడు.

కూలిపోతున్న భూస్వామ్య కుటుంబానికి ప్రతినిధి అని విమర్శ అతన్ని గుర్తించింది. అది సరైన గుర్తింపే. కాని అంతటితో పని అయిపోయిందనుకోవడం పొరపాటు. చేయి జారేలా దానం చేయడం, ఆపైన మంచం దిగలేని నిరాశలో కూరుకుపోవడం - ఈ రెండు కొసలూ ఒకే మనిషిలో కనిపించినప్పుడు వైద్యశాస్త్రం ఏమంటుందో కూడా విమర్శకుడు వినాలి.

ఉద్రేకమూ విషాదమూ ఒకే జబ్బుకు రెండు ముఖాలని జర్మన్ వైద్యుడు క్రేపెలిన్ 1899లో సిద్ధాంతీకరించాడు. దీన్నే ఇవాళ బైపోలార్ రుగ్మత అంటున్నాం. ఉద్రేక దశలో నిద్ర అక్కర్లేదనిపిస్తుంది, మాట ఆగదు, డబ్బు లెక్కలోకి రాదు. విషాద దశలో బతుకే బరువవుతుంది. దశకూ దశకూ మధ్య మనిషి చాలావరకు మామూలుగా ఉంటాడు. ఈ మూడో మాటే అసలు కీలకం.

సీతారామారావుకు ఈ జబ్బే ఉందని మనం నిర్ధారించలేం, గోపీచంద్ అలా చెప్పలేదు. పైగా నవల నడక జబ్బు నడకకు భిన్నం. నవలలో ఉన్నది ఒకే వాలు - పైనుంచి కిందికి. జబ్బులో ఎక్కడాలూ, దిగడాలూ, మధ్యలో తేరుకోవడాలూ ఉంటాయి. తేరుకున్న మనిషిని చూపించే తీరిక మన సాహిత్యానికి తక్కువ. పిచ్చివాడంటే ఇక తిరిగిరానివాడనే నమ్మకం పాఠకుడిలో స్థిరపడిపోవడానికి ఇదొక కారణం.

ఈ నమ్మకం ఖరీదు కొడవలూరు వంటి ఊళ్లలో తెలుస్తుంది. 19వ శతాబ్దం రెండో సగంలో పెన్నకు ఆనకట్టలు కట్టాక నెల్లూరు డెల్టాలో వరి నిలకడ పంటయింది. భూమికి విలువ వచ్చింది, భూమి మీద అప్పూ పెరిగింది. ఉద్రేక దశలో ఉన్న రైతు చేత ప్రోనోటు రాయించుకోవడం ఎంత సులువు! దాత అని పొగుడుతూనే పొలం రాయించుకోవచ్చు. ఆ తర్వాత అతనే అసమర్థుడు. రాయించుకున్నవాడు మాత్రం సమర్థుడు!

చట్టానికి ఈ సంగతి తెలియకపోలేదు. మధ్యమధ్య మతి తప్పే మనిషి ఆ సమయంలో చేసుకున్న ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ ఒప్పుకుంది. అంటే ఆస్తి విషయంలో వలస ప్రభుత్వం రోగపు దశలను గుర్తించింది. కోర్టుకెక్కి అది నిరూపించుకోగల స్తోమత ఎవరికుందనేది వేరే ప్రశ్న. ఇక మనిషి విషయానికొస్తే, 1912 లూనసీ చట్టం అతన్ని మేజిస్ట్రేటు ఉత్తర్వుతో ఆసుపత్రికి పంపే బాపతుగానే ఎక్కువగా చూసింది. అప్పుడు నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోది. పంపితే కీల్పాకు ఆసుపత్రికి, లేకుంటే ఇంట్లో గొలుసుకు, భూతవైద్యుడి వేపమండకు.

భౌతికవాదులమని చెప్పుకునే మనం ఇక్కడ ఆగి ఆలోచించాలి. మెదడు కూడా పదార్థమే. దాని రోగాన్ని సంకల్ప లోపంగా, వర్గ స్వభావంగా మాత్రమే వివరించడం దొడ్డిదారిన భావవాదానికి తలుపు తీయడమే. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో లిథియం లవణంతో ఉద్రేకాన్ని అదుపు చేయవచ్చని ప్రకటించాడు. నవల వెలువడిన కొన్నేళ్లకే ఇది జరిగింది. తీర్పు చెప్పిన విమర్శ ఆ తర్వాతైనా తీర్పును తిరగదోడలేదు.

అట్లాగని గుళికతో అంతా తీరుతుందనడం మరో అతివాదం. లిథియం వాడితే రక్తపరీక్షలు తప్పవు. ఒక్కో పరీక్షకూ పట్నం వెళ్లిరావాలంటే కూలిమనిషికి ఒక రోజు కూలి పోతుంది. జబ్బు శరీరంలో పుట్టినా, అది ఎవర్ని ఎంత నాశనం చేస్తుందో నిర్ణయించేది పొలం, అప్పు, ఆసుపత్రి దూరం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు లేచినప్పుడు 28 మంది మానసిక రోగులు చనిపోయారు. గొలుసులు వారిని పరుగెత్తనివ్వలేదు. గొలుసు వేయడాన్ని చట్టం స్పష్టంగా నిషేధించింది 2017లో!

సీతారామారావును మళ్లీ చదవాలి. అతని వర్గాన్ని మరిచిపోవడానికి కాదు, అతని బాధను కూడా చరిత్రలో భాగంగా గుర్తించడానికి. విషాదం నుంచి తేరుకుని మర్నాడు మడిలోకి దిగిన మనిషి, ఉద్రేకంలో రాసిన ప్రోనోటు మీద నిలబడి కొట్లాడిన మనిషి, మాత్రలు మింగుతూ కూలికి పోయే మనిషి మన కథల్లోకి ఇంకా రావలసే ఉంది. అభ్యుదయ రచయిత ముందున్న పని అది.