తటాకము – గ్రామధర్మము



మన గ్రామముల చరిత్రను చెప్పువారు సాధారణముగా దేవాలయముతో ఆరంభింతురు. నేడు నేను చెరువుతో ఆరంభించుచున్నాను. ఇందువలన దేవాలయమునకు న్యూనత కలుగదు. పుత్రుడు, నిధి, దేవాలయము, అగ్రహారము, వనము, కావ్యము అను వాటితోపాటు తటాకమును గూడ చేర్చి మన పూర్వులు సప్తసంతానములని లెక్కించిరి. అనగా చెరువు త్రవ్వించిన వానికి ఆ చెరువే ఒక కుమారుడని భావము. ఋగ్వేదము నాలుగవ మండలమందలి 57వ సూక్తము క్షేత్రపతిని, నాగటిచాలును దేవతలుగా స్తుతించుచున్నది. కావున కృషి వేదబాహ్యమైన లౌకికవ్యాపారమని ఎవ్వరును తలంపరాదు.

ఈ విషయమునకు ప్రత్యక్షసాక్ష్యము కడప సీమలోని పోరుమామిళ్ల శాసనము. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరి రాజ్యమును పాలించుచు పోరుమామిళ్లయందు అనంతరాజసాగరమను చెరువును కట్టించెను. శకవర్షము 1291, అనగా క్రీ.శ. 1369లో, ఆ విషయమును సంస్కృత శ్లోకములలో శిలపై చెక్కించిరి. రెండు సంవత్సరములపాటు దినమునకు వేయిమంది పనివారు శ్రమించిరనియు, రాళ్లు తెచ్చుటకు నూరు బండ్లు నడచెననియు అందు చెప్పబడినది.

ఆ శాసనమున మెచ్చదగినది రాజప్రశంస కాదు. చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, కూడని ఆరు దోషములను అది శాస్త్రరీతిని వివరించినది. ధర్మవంతుడైన ప్రభువు, జలశాస్త్రము నెరిగిన విద్వాంసుడు, గట్టినేల, మూడు యోజనముల దూరమునుండి వచ్చు మంచినీటి ఏరు, ఆనుకొనిన కొండ, నడుమ దృఢమైన రాతికట్ట, లోతును వైశాల్యమును గల గర్భము, పొడవైన మంచిరాళ్ల గని, చుట్టును సమతలమైన సారవంతపు పొలము మొదలగునవి అంగములు. నిర్మాణమునందు నేర్పరులైన పనివారును ఆ పండ్రెండింటిలో ఒక అంగమే. ప్రభువును, మట్టి మోయువానిని ఒకే పట్టికయందు నిలిపిన ఆ దృష్టిని గమనింపుడు. ఇక కట్టనుండి నీరు ఊరుట, చవుడునేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, గర్భమధ్యమున మెరకయుండుట, నీరు స్వల్పమై ఆయకట్టు విస్తారమగుట, నీరు అధికమై భూమి చాలకుండుట - ఇవి ఆరు దోషములు.

చెరువును కట్టుట ఒక తరము పని. కాపాడుట అన్ని తరముల పని. అందులకై పూర్వము దశబంధ మాన్యము లుండెను. చెరువును కట్టినవారికిగాని, మరమ్మతు చేయువారికిగాని ఆ చెరువు క్రింద భూమి నొసంగెడివారు. వేసవియందు రైతులు ఒండ్రుమట్టిని బండ్లకెత్తి పొలములకు తోలుకొనిపోయెడివారు. దానివలన చెరువు లోతెక్కును, చేను బలియును. తూము ఎత్తుట, దించుట, ఏ మడికి ఎంతసేపు నీరు పారవలెనో చూచుట నీరుకట్టి పని. తెలంగాణమున వానినే నీరటి అందురు. కుమ్మరికి, కమ్మరికి, వడ్రంగికి వలెనే వానికిని కళ్లమువద్ద మేర కొలిచెడివారు. అలుగు పారిననాడు ఊరంతయు కట్టమీదికి చేరి గంగమ్మకు పసుపు కుంకుమలు సమర్పించెడిది.

ఇచ్చట ఒక కఠినసత్యమును గూడ చెప్పవలెను. ఊరికెల్ల నీరు పంచిన ఆ నీరుకట్టి, పెక్కు గ్రామములలో ఊరిబావిలో చేద వేయుటకు నోచుకొనలేదు. పూర్వాచారములను పొగడునపుడు ఈ అధర్మమును కప్పిపుచ్చుట పండితునకు తగదు.

కాలక్రమమున వ్యవస్థ సడలినది. కట్ట తెగు ఆపత్కాలమున గ్రామస్థులచే నిర్బంధముగా పని చేయించుటకు మద్రాసు రాజధానికై 1858లోనే చట్టము చేయవలసివచ్చెను. తరువాతి కాలమున బోరుబావులు, విద్యుత్తు మోటారులు విస్తరించిన కొలదియు ఎవరి నీరు వారిదైనది. అందరి చెరువు ఎవరిదియు కానిదైనది. తెలంగాణ ప్రభుత్వము 2015లో మిషన్ కాకతీయ పేరిట 46 వేలకు పైబడిన చెరువుల పునరుద్ధరణకు సంకల్పించుట ఈ నష్టమును గుర్తించినందువలననే.

నా అనుభవము నొకదానిని విన్నవింతును. సుమారు ఇరువది యేండ్ల క్రిందట వానలు లేక ఒక గ్రామమువారు మమ్ము వరుణజపమునకు పిలిచిరి. చెరువు గర్భమున చుక్కనీరు లేదు. గంగాళములలో నీరు నింపించి, వాటియందు నిలిచి మూడుదినములు జపించితిమి. ఆశ్వయుజమున మంచి వాన కురిసినది. చెరువు మాత్రము నిండలేదు. మరల ఆ ఊరికి పోయినపుడు వృద్ధుడైన నీరుకట్టి నన్ను పైభాగమునకు తోడ్కొనిపోయి చూపెను. కొండనుండి చెరువునకు నీరు వచ్చు వాగుకాలువ పూర్తిగా దున్నబడి చేనైయున్నది. "సామీ, వాన మీరు తెచ్చినారు. నీళ్లకు దోవ ఎవరు తెస్తారు?" అని ఆయన అడిగెను. నేను సమాధానము చెప్పలేకపోతిని. ఆ కాలువను దున్నినవారిలో మాకు సంభావన లిచ్చినవారును ఉండిరి. జపమునకు పూర్వమే వాగు ఎట్లున్నదని నేను అడిగి యుండవలసినది. అడుగకుండుట నా దోషము. ఆనాటినుండి ఏ గ్రామమువారు వరుణజపమునకు పిలిచినను, ముందుగా కాలువను చూపుడని కోరుచున్నాను. కొందరు మరల పిలువలేదు. కొందరు కాలువను బాగుచేసిన పిమ్మట పిలిచిరి.

మహాశయులారా! శాసనకర్త ఆరు దోషములను చెప్పెను. నీరు వచ్చు దారిని మనమే మూసివేయుట ఏడవదిగా చేర్చుకొనవలసిన కాలము వచ్చినది. కార్తికమున చెరువులో దీపము విడుచుట మన ఆచారము. అది నిలువవలెనన్న, ముందుగా వైశాఖమున ఊరివారందరును, ఏ కులమువారైనను, కలిసి కొండ మొదలుకొని కట్టవరకు ఒక్కసారి నడచి కాలువను చూడవలెను. అడ్డమున్నచోట తొలగింపవలెను, ఆ అడ్డము మన చేనిదైనచో మొదట తొలగింపవలెను. జపము దేవునికి చేయు విన్నపము. కాలువను కాపాడుట ఆయన యిచ్చినదానిని స్వీకరించుటకు మనము చాచు దోసిలి.

స్వస్తి.