చిట్టెలుక కంపు: ఒక చరిత్ర

మనవాళ్ళకి ఎలుక కనబడేది రెండే చోట్ల. వినాయకుడి పాదాల దగ్గర, లేదంటే బోనులో. అక్కడ ఉండ్రాళ్ళు, ఇక్కడ ఎండుకొబ్బరి ముక్క. దానికి మూడో చోటు కూడా ఉంది, ఇంట్లో పెంపుడు జంతువుగా. ఆ మాట అనగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "ఛీ, కంపు కొట్టదూ?" అని. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే జవాబు కోసం బయల్దేరితే కథ జపాన్ దాకా వెళ్తుంది.

ముందు ఒక చిన్న సవరణ. మన ఇళ్ళలో గోడవారగా పరిగెడుతూ ముక్కు బద్దలయ్యేలా వాసన కొట్టే చుంచుని మనం చుంచెలుక అంటాం గానీ, అది అసలు ఎలుక జాతే కాదు. పురుగుల్ని తిని బతికే వేరే జంతువు. దాని అప్రతిష్ట కూడా పాపం చిట్టెలుక ఖాతాలోనే పడుతోంది. నేను చెప్పబోయేది చిట్టెలుక గురించి.

1787లో క్యోటోలో ఒక చిన్న పుస్తకం అచ్చయింది. రంగురంగుల చిట్టెలుకల్ని ఎలా పెంచాలి, వేటిని జతకలిపితే ఏ రంగు పిల్లలు పుడతాయి, ఇదీ అందులో సరుకు. మెండెల్ తన బఠాణీల లెక్కలు చెప్పింది 1865లో. అంటే అంతకి 78 ఏళ్ళ ముందే జపాన్ ఎలుకల రాయుళ్ళు ఆ పని సరదాకి చేసేశారన్నమాట. సూత్రం తెలీదు, ఔట్‌పుట్ మాత్రం కరెక్టు :)

అలాంటి జపాన్ ఎలుకలు 19వ శతాబ్దంలో యూరప్ చేరాయి. ఇంగ్లాండు వాళ్ళు 1895లో ఏకంగా నేషనల్ మౌస్ క్లబ్ పెట్టి, మేలుజాతి కుక్కలకి పెట్టినట్టు ఎలుకలకీ పోటీలు పెట్టారు. అప్పట్లో 'వాల్ట్జింగ్' ఎలుకలంటే జనానికి మహా మోజు. ఉన్నచోటే గిరగిరా తిరిగేవి. చూసేవాళ్ళకి అది డాన్సు. నిజానికి అది చెవి లోపలి భాగంలో పుట్టుకతో వచ్చిన లోపం. బ్యాలెన్సు లేక తిరుగుతున్నాయి, పైగా చెవుడు. దానికి కారణమైన జన్యువు దొరికింది 2001లో. రోగాన్ని నాట్యమనుకుని డబ్బిచ్చి కొనుక్కున్నారన్నమాట.

ఆ డాన్సు ఎలుకల జంట ఒకటి అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం గ్రాన్బీ అనే పల్లెలో ఎబీ లాథ్రాప్ చేతికొచ్చింది. ఆవిడ ఒకప్పటి బడిపంతులమ్మ. కోళ్ళ వ్యాపారం పెడితే కలిసిరాలేదు. 1900 ప్రాంతంలో పెంపుడు ఎలుకల్ని అమ్మడం మొదలుపెట్టింది. చెక్కపెట్టెలు, వాటినిండా గడ్డి, తిండికి ఓట్లూ బిస్కెట్లూ. శుభ్రం చేయడానికి ఊళ్ళో పిల్లలకి గంటకి 7 సెంట్లు జీతం. మంద పెరిగి పెరిగి వేలల్లోకి వెళ్ళింది. హార్వర్డ్ నుంచి విలియం కాజిల్ లాంటి శాస్త్రవేత్తలు ఆవిడ దగ్గరే కొనడం మొదలుపెట్టారు.

ఆవిడ గొప్పతనమల్లా చూడ్డం, రాసుకోవడం. ఏ ఎలుక ఎవరికి పుట్టింది, దేనికేం జబ్బు చేసింది, అన్నీ నోటుబుక్కుల్లో ఎక్కించేది. 1908 ప్రాంతంలో కొన్నిటి చర్మం మీద గడ్డలు కనబడితే "పోన్లే" అని పారేయకుండా శాస్త్రవేత్తలకి పంపింది. లియో లోబ్ అనే ఆయన అది కేన్సరని తేల్చాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి పేపర్లు ప్రచురించారు. 1918లో ఆవిడ పోయాక, 1921లో క్లారెన్స్ లిటిల్ ఆవిడ మందలోంచి వచ్చిన 57వ నంబరు ఆడ ఎలుకతో ఒక వంశం మొదలుపెట్టాడు. అదే సి57 బ్లాక్. 2002లో మొత్తం జన్యుపటం చదివింది ఆ వంశపు ఎలుకదే. మనం మింగే మాత్రల్లో ఎన్నిటి వెనకాల ఆ నల్లెలుకలున్నాయో!

సరే, కంపు సంగతికొద్దాం. గడ్డి పెట్టెలు పోయి ప్రయోగశాలల్లో కడగడానికి వీలైన ప్లాస్టిక్ డబ్బాలొచ్చాయి. మొత్తం పారబోయ్, కడుగు, కొత్త పొట్టు వెయ్. చూడ్డానికి శుభ్రం. కానీ చిట్టెలుక మూత్రంలో ప్రత్యేకమైన ప్రోటీన్లుంటాయి. వాసన పదార్థాల్ని పట్టుకుని నెమ్మదిగా వదలడం వాటి పని. నేనెవర్ని, ఇది ఎవరి జాగా, అన్న సమాచారమంతా అందులోనే. అలాంటి ఒక మగ ఎలుక ప్రోటీనుకి 2010లో ఇంగ్లండు శాస్త్రవేత్తలు ఒక నవలా నాయకుడు డార్సీ పేరు మీద 'డార్సిన్' అని పేరు కూడా పెట్టారు. మనం కంపు అంటున్నది దానికి భాష. మొత్తం కడిగేస్తే సర్వర్‌లో డేటా అంతా ఎగిరిపోయినట్టే. మగ ఎలుక మళ్ళీ మొదట్నుంచీ ఊరంతా గుర్తులు పెట్టుకుంటూ వస్తుంది. కంపు తగ్గదు, కొత్తగా మొదలవుతుంది.

కళ్ళు మండించే ఘాటు వేరే. అది అమ్మోనియా. తడిసిన పొట్టులో బాక్టీరియా యూరియాని విరగ్గొడితే వచ్చేది. దానికి మందు ఫినాయిలు కాదు, పొడిదనం.

అందుకే పద్ధతి తెలిసి పెంచేవాళ్ళు జానెడు లోతున పొట్టూ, ఎండుగడ్డీ, కాగితం ముక్కలూ కలిపి వేస్తారు. ఎలుకలు సొరంగాలు తవ్వుకుంటాయి, తడి ఒక్కచోట నిలవదు. పైన గాలాడే జాలీ మూత. తడిసిన మూలని మాత్రం తీసేసి, గూడు కదపకుండా వదిలేస్తారు. ప్రయోగశాలల్లోనూ పాత గూటిని కొత్త డబ్బాలోకి మారిస్తే మగ ఎలుకల కొట్లాటలు తగ్గాయని తేలింది. ఆడవాటి వాసన ఎలాగూ తక్కువే. దేవదారు పొట్టు మాత్రం వద్దు. దాని సువాసన మన ముక్కుకి హాయి గానీ, అలాంటి పొట్టు ఎలుకల కాలేయం పనితీరుని మార్చేస్తోందని 1967లోనే బయటపడింది.

వందేళ్ళ పైచిలుకు చరిత్రలో నాకు కనబడింది ఇదే. దాని రోగాన్ని డాన్సు అనుకున్నాం, దాని భాషని మురికి అనుకున్నాం. రెండుసార్లూ ఎలుకని మన కళ్ళతోనూ, మన ముక్కుతోనూ చూశాం. కాస్త ఓపిగ్గా కనిపెట్టి చూసి రాసుకున్న ఒక పంతులమ్మ వల్ల వైద్యానికే ఒక దారి దొరికింది. అదే ఓపికతో దానికి నచ్చిన ఇల్లు కడితే మన ఇల్లు కూడా కంపు కొట్టదు. ఇంతా చేసి దానికి కావలసింది జానెడు గడ్డీ, తవ్వుకోవడానికి కాస్త చోటూ!